సుజాత తీస్తున్న ట్రెయిలరు సంగతి

నాంపల్లి, హైదరాబాదు
భాద్రపద బహుళ పంచమి

చిరంజీవి తమ్ముడు నారాయణకు అక్క అనసూయ మనసారా దీవించి రాస్తున్నది.

నరసింహస్వామి దయవల్ల ఇక్కడ నేనూ సుజాతా వేళకు తింటున్నాము, వేళకు పడుకుంటున్నాము. అక్కడ అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? ఈ ముసురుకు నొప్పి ఎక్కువై ఉంటుంది. వావిలాకు కాచి కాపడం పెట్టమని మరదలు లక్ష్మికి చెప్పు. చిన్నాయన దగ్గు తగ్గిందా? మిరప తోటలో నీళ్ళు నిలవలేదు కదా?

ఒక మాట ముందే చెబుతున్నాను. మన ఇంట్లో ఉత్తరం వస్తే నువ్వు అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా చదువుతావు. ఈసారి అట్లా చదవకు. మొదట నువ్వొక్కడివే చదువుకో. అమ్మకు ఎంత చెప్పాలో, ఎట్లా చెప్పాలో ఆ తరువాత ఆలోచించు. సుజాతకు ఏమీ కాలేదు. నీ బిడ్డ క్షేమంగా ఉంది. నేనూ క్షేమమే. గాబరా పడకుండా కడదాకా చదువు.

మేము ఉంటున్న గది నువ్వు చూసిందే. స్టేషను వెనక సందు. రైలు వచ్చినప్పుడల్లా గూట్లో గిన్నెలు కదులుతాయి. మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు రైలు ఆలస్యమైతే మెలకువ వస్తున్నది. నల్లా తెల్లవారకముందే వచ్చి పోతుంది. నాకు ఎట్లాగూ ఆ వేళకు స్నానం అలవాటే కాబట్టి ఇబ్బంది లేదు. బియ్యం బాగాలేవు. పప్పు ఉడకదు. మన జొన్నలు ఉంటే కొన్ని పంపు. సుజాత మాత్రం ఇరానీ హోటలు బిస్కట్లతోనే కడుపు నింపుకుంటున్నది. చెబితే నవ్వుతుంది. ఖైరతాబాదు గణపతిని చూపిస్తానని తీసుకుపోయింది. అంత ఎత్తు దేవుణ్ణి చూసి నాకు మెడ నొప్పి వచ్చిందే కాని దండం పెట్టినట్టు అనిపించలేదు. ఇంటికి వచ్చి మన చిన్న పటానికి పెట్టుకున్నాను.

ఇంటి యజమానురాలు మంచిదే. వచ్చిన కొత్తలో, "అనసూయమ్మా, మీ ఇంటాయన ఏడ పనిచేస్తడు?" అని అడిగింది. "దూరంగ ఉంటడు" అన్నాను. ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పే మాటే కదా. ఆమె నా బొట్టు చూసింది, మెడలో పుస్తెలు చూసింది, సరే అనుకుంది.

ఇక సుజాత సినిమా చదువు సంగతి. నీకు అర్థం కాలేదని పోయిన ఉత్తరంలో రాశావు. నాకు తెలిసినంత చెబుతాను. సినిమాకు ముందు, రాబోయే సినిమాలోని తునకలు కొన్ని వేస్తారు చూడు, దాన్ని ట్రెయిలరు అంటారు. ఈ ఏడు పిల్లలందరూ తలా ఒక ట్రెయిలరు తీసి చూపించాలని వాళ్ళ సారు చెప్పాడట. సినిమా ఉండదు. ట్రెయిలరే ఉంటుంది. లేని సినిమాకు ట్రెయిలరు ఏమిటే అంటే, "గదే పరీక్ష అత్తమ్మా" అన్నది. కథ వాళ్ళే అనుకోవాలి. ఆ కథ గురించి నలుగురినీ అడిగి తెలుసుకోవాలి. ఏ బొమ్మ తరువాత ఏ బొమ్మ రావాలో కాగితం మీద గీసుకోవాలి. కాలేజీ వాళ్ళు ఇచ్చే ఫిలిం చాలా చిన్నది. చావి తిప్పి నడిపే కెమెరా ఒకటి ఇస్తారు. ఒకసారి తీసింది మళ్ళీ తీయడానికి ఫిలిం మిగలదు. అందుకని ముందు ఆలోచన, తరువాత తీయడం. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ముగ్గుతో గీసుకుంటాడు కదా, అట్లాంటిదే అనుకో.

అందుకోసం పిల్ల ఆబిడ్స్‌లో ఉన్న సినిమా హాళ్ళన్నీ తిరిగింది. ఒక్కదాన్నే పంపలేక నేనూ వెంట పోయాను. సినిమా మొదలు కాగానే లేచి వచ్చేవాళ్ళం. మాకు కావలసింది ముందు వేసేవే. ఒకరోజు గేటు దగ్గరి మనిషి అడ్డం నిలబడ్డాడు.

"ఏందమ్మా, అస్లి సినిమా షురూ అయితుంటే లేచిపోతున్రు?"

"మాకు గంతే చాలు నాయనా" అన్నాను.

"పైసలు వాపస్ ఇయ్యం మల్ల!"

"అడుగుతమా?" అన్నది సుజాత.

"కొబ్బరికాయ కొట్టంగనే గుడిలకెల్లి ఉరికినట్టు ఉరుకుతున్రు. ప్రసాదం వద్దా?" అని వాడు నవ్వాడు.

హాల్లో నేను కళ్ళు మూసుకుని తులసిమాల తిప్పుకునేదాన్ని. సుజాత దగ్గర చేతి గడియారం లేదు. నా పూసలే దానికి గడియారం అయ్యాయి. మోచేత్తో పొడిచి, "అత్తమ్మా, గిది ఎన్ని పూసలు?" అని గుసగుసగా అడిగేది. చెప్పేదాన్ని. కాగితం మీద అట్లాగే రాసుకుంది. హీరో గుర్రం మీద వచ్చేది ఇన్ని పూసలు, కత్తియుద్ధం ఇన్ని పూసలు, తల్లి ఏడుపు ఇన్ని పూసలు అని. అది చూసి వాళ్ళ సారు, "గీ పూసలేంది? నువ్వు సినిమా తీస్తున్నవా, భజన జేస్తున్నవా?" అన్నాడట. పిల్ల చాలారోజులు ఆ మాట చెప్పి నవ్వింది.

నేను కళ్ళు తెరిచి చూసినవి కూడా ఉన్నాయి. ఏ ట్రెయిలరులోనూ ఏడుపు పూర్తి కాదు, నారాయణా. ఏడవడం మొదలుపెడతారు, అంతలోనే ఇంకో బొమ్మ వస్తుంది. ఎవరి కష్టమూ తీరదు. ఆఖరు ఏమైందో చెప్పరు. చెబితే ఎవరూ టికెట్టు కొనరని సుజాత అన్నది.

కథ ఏది తీస్తావే అని అడిగితే కొన్నాళ్ళు చెప్పలేదు. తరువాత ఒక సాయంత్రం నా ఒళ్ళో తల పెట్టుకుని, "అత్తమ్మా, నీ కథ తీస్తా. కోపం జెయ్యవు గద?" అన్నది. మీ బావ గుడారం టాకీసు వాళ్ళ వెంట పట్నం పోవడం, మొదట్లో కార్డులు రాయడం, ఆ తరువాత కబురు లేకపోవడం, అమ్మ దానికి చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నది కదా. నేను కాదనలేదు. నా ముఖం మాత్రం చూపించవద్దు అన్నాను. సరే అన్నది.

అయితే దాని ఆలోచనలో ఒకటి నాకు నచ్చలేదు. ట్రెయిలరు చివర దర్భబొమ్మ కాలుతున్నట్టు చూపిస్తానన్నది. నీకు గుర్తుండే ఉంటుంది. మీ బావ ఇల్లు విడిచిన పన్నెండేళ్ళకు చిన్నాయన అయ్యగారిని ఇంటికి తీసుకువచ్చాడు. ఇన్నేళ్ళు కబురు లేని మనిషికి దర్భలతో మనిషిని కట్టి దహనం చేయాలి, కర్మ చేయాలి, శాస్త్రంలో ఉన్నది, అన్నారు. ఆ పొద్దు నేను ఒప్పుకోలేదు. బతికి ఉంటే ఎట్లా అన్నాను. నాయన నా వైపే నిలబడ్డాడు. మళ్ళీ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అటువంటిది, సుజాత ఇప్పుడు వచ్చి, "నువ్వైతే మంచిగ గట్టిస్తవు అత్తమ్మా, దర్భలు నేను తెస్తా" అన్నది. నేను కట్టను అన్నాను. దానికి తెలియక అడిగింది. తిట్టలేదు.

ఆ తరువాత పిల్ల ఇంకో పని పెట్టుకుంది. ట్రెయిలరు తునకలను రీలుకు ఎట్లా అతికిస్తారో, మిషను ఎట్లా నడుపుతారో చూడాలన్నది. ఇక్కడ స్టేషనుకు దగ్గరలోనే ఒక పాత టాకీసు ఉన్నది. అందులో ఖాజా మియా అని పెద్దాయన మిషను నడుపుతాడు. గడ్డం అంతా తెల్లబడింది. మొదటిరోజు నేనూ పోయాను. ఇనుప మెట్లు ఎక్కలేక కింద బల్ల మీద కూర్చున్నాను. ఆయన నాకు చాయ్ పంపించాడు. నేను తాగనని తెలిసి మొజంజాహీ మార్కెటు నుంచి అరటిపండ్లు తెప్పించి ఇచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి.

రెండోసారి పోయినప్పుడు నాకు ఏకాదశి ఉపవాసం. సుజాత జతపిల్లలతో పోయింది. తిరిగి వచ్చి అన్నం తినలేదు. కడుపులో బాగాలేదన్నది. మరునాడూ అంతే. కథ మారుస్తానన్నది. ఎవరో పెళ్ళికూతురు రైలు తప్పిపోయిన కథ తీస్తానన్నది.

"మరి నా కథ ఏమాయె?" అన్నాను.

"గది మంచిగ లేదత్తమ్మా."

"దర్భబొమ్మ?"

"వద్దు. ఆ మాట వద్దు."

"ఆఖరు దొరకలేదా?"

"ట్రెయిలర్ల ఆఖరు జెప్పొద్దని సారు అన్నడు" అని చెప్పి అటు తిరిగి పడుకుంది. నాకు కొంచెం అనుమానం వచ్చింది. అడిగి పిల్లను బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. దేవుడికి దీపం పెట్టి పడుకున్నాను.

పోయిన శుక్రవారం కూరగాయలకు పోయి ఆ టాకీసు ముందు నుంచి వస్తున్నాను. ఖాజా మియా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గబగబా వచ్చాడు. చేతులు జోడించాడు. తల ఎత్తలేదు.

"మాఫ్ జెయ్యి చెల్లె. నీ ముఖం ఎట్ల జూడాల్నో తెల్వక నేనే రాలే. గా దినం నేను చాయ్‌కు దిగకపోతే గిట్ల గాకపోవు. నా షిఫ్టు అది. నా పానం వోవాల్సింది."

నాకు ఏమీ అర్థం కాలేదు. "ఏంది భాయ్?" అన్నాను.

అప్పుడు తల ఎత్తి నా ముఖం చూశాడు. నా నొసటి మీద బొట్టు చూశాడు.

"బిడ్డ నీకు జెప్పలేదా?" అన్నాడు.

తమ్ముడూ, అప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ తరువాత ఆయన చెప్పిందంతా వివరమే.

బల్ల మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు ఇచ్చాడు. నేను అడిగినదానికల్లా చెప్పాడు. ఏకాదశినాడు సుజాతను, "మీది ఏ ఊరు బిడ్డా?" అని మాటకు అడిగాడట. ఊరు పేరు వినగానే, "గా ఊరి మనిషి ఒకడు నా చేతికింద పని నేర్చుకున్నడు" అన్నాడట. పిల్ల మీ బావ పేరు చెప్పింది. ఆయన ఔనన్నాడు. అంతే, ఇన్నేళ్ళ సంగతి అంత సుళువుగా బయటపడింది.

మీ బావ గుడారం వాళ్ళను వదిలి ఈ టాకీసులోనే చేరాడట. పగలు రీళ్ళు చుట్టడం, రాత్రి మిషను దగ్గర ఉండటం. ఇక్కడ అందరూ ఆయన్ను మాస్టరు అనేవాళ్ళట. అసలు పేరు ఖాజా మియాకు, మానేజరుకు తప్ప తెలియదట. "గప్పటి ఫిలిం అంటే బారూదే, తుపాకి మందే చెల్లె. బీడీ నిప్పు అవసరం లేదు, మిషను వేడికే అంటుకునేది" అన్నాడు. ఒకరోజు మ్యాట్నీలో రీలు ఇరుక్కుని అంటుకుంది. ఖాజా మియా చాయ్‌కు కిందికి దిగి ఉన్నాడు. గదిలో మీ బావ ఒక్కడే. కిందికి మంట పోకుండా కిటికీల ఇనుప రేకులు దించేశాడట. జనానికి ఏమీ కాలేదు. తలుపు దగ్గరికి వచ్చేసరికి పొగ కమ్మి పడిపోయాడట. దవాఖానకు తీసుకుపోతే తెల్లవారేదాకా ఉన్నాడట.

"మాట్లాడిండా?" అని అడిగాను.

"లేదు చెల్లె. అబద్ధం జెప్ప. మాట్లాడలే."

ఆ మాట ఒక్కటి ఆయన అబద్ధం చెప్పినా నాకు తెలిసేది కాదు. చెప్పలేదు. అందుకే మిగతాదంతా నమ్మాను.

కబురు ఎందుకు చేయలేదని అడిగాను. ఊరికి మనిషిని పంపుతానని మానేజరు అన్నాడట. పోలీసు కేసు అవుతుందని భయపడి పంపలేదు. "నాకు తెలుగు రాయ రాదు, మీ ఊరికి తొవ్వ తెల్వదు. పంపిండనే అనుకున్న" అన్నాడు. కొన్నాళ్ళకు తెల్ల తలపాగా చుట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చి గేటు దగ్గర అడిగాడట. అటువంటి మనిషి ఇక్కడ ఎవరూ లేరని మానేజరు తిప్పి పంపించాడట. ఖాజా మియా పై కిటికీలోంచి చూశాడు. ఎవరో తెలియదు. ఆయన వెళ్ళిపోయిన తరువాత గేటు మనిషి చెబితే తెలిసిందట. స్టేషను దాకా ఉరికాడట. దొరకలేదట.

ఆ పెద్దమనిషి నాయనే, నారాయణా. ఆ ఏడు నాయన పట్నం నుంచి తిరిగి వచ్చి, గడపలోనే కూర్చుని నీళ్ళు అడిగాడు. ఆ మానేజరు కూడా ఇప్పుడు లేడు. పోయాడట. పోయినవాణ్ణి తిట్టుకోవద్దు. నువ్వు కూడా తిట్టకు.

మరి దహనం ఎవరు చేశారని అడిగాను. మూసీ ఒడ్డున చేశారట. పాడెను ఖాజా మియా, ఆయన తమ్ముడు ముందు పట్టారు. వెనక పోస్టర్లు అంటించే ఇద్దరు పట్టారు. ఆ ఇద్దరిలో పెద్దవాడు నిప్పు పెట్టాడట. "మాకు మీ మంత్రాలు రావు చెల్లె. ఊరికెనే నిలబడ్డం" అన్నాడు. నిలబడ్డారు కదా, చాలు అన్నాను. నేను ఆయనకు దండం పెట్టాను. ఆయన ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఎందుకో రాలేదు. ఇంకా రాలేదు.

అక్కడి నుంచి నేరుగా గుడికి పోయాను. అయ్యగారిని అడిగాను. మంత్రం లేకుండా జరిగిన దహనం కాబట్టి దర్భలతో బొమ్మ కట్టి మళ్ళీ చేయాలన్నారు. ఆయనకు అన్నదమ్ములు లేరు, పిల్లలు లేరు, మావైపు నా తమ్ముడు ఉన్నాడని చెప్పాను. బావమరిది చేయవచ్చు, తప్పు లేదన్నారు. పోయినాయన పేరు అడిగారు. నా నోటికి రాలేదు. సాయంత్రం సుజాతను పంపి చెప్పిస్తానన్నాను.

వచ్చేటప్పుడు బేగంబజారులో దర్భలు కొన్నాను. అయ్యగారే కడతారు కాని, నేనే కట్టాలనిపించింది. తల, చేతులు, కాళ్ళు కట్టాను. నడుము దగ్గర రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టవలసి వచ్చింది. ఆయన సన్నటి మనిషి. తెల్లగుడ్డ పరిచి దాని మీద పడుకోబెట్టాను.

సుజాత కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గిదేంది అత్తమ్మా?"

"నువ్వు గట్టుమన్నవు గద బిడ్డా."

పుస్తకాలు కింద పడేసింది. "ఖాజా మియా జెప్పిండా?"

"నువ్వు చెప్పనందుకు ఆయన చెప్పిండు."

"నేను జెప్తే నీ బొట్టు వోతది. అందుకే జెప్పలే. నేను తవ్వకుంటె మంచిగుండు గద అత్తమ్మా. ఎవ్వరికీ తెల్వకపోవు. నువ్వు గిట్లనే ఉందువు."

"చెప్పకపోతే మీ మామ బతుకుతడా?"

నా మీద పడి చాలాసేపు ఏడ్చింది. పిల్లను ఏమీ అనకు, నారాయణా. ఈ చదువు ఎందుకు చదివించానా అని నువ్వు అనుకుంటావు. నాకు తెలుసు. ఆ మాట దాని ముందు అనకు. నాయన తరువాత ఇన్నేళ్ళు మనం ఎవరమూ అడగని చోట అది అడిగింది. నాకోసం దాచింది కూడా. రెండూ ప్రేమతోనే చేసింది.

ఆదివారం ఇంకొకటి జరిగింది. సుజాత బజారుకు పోయినప్పుడు దాని జతపిల్లలు, ఏకాదశినాడు టాకీసుకు పోనివాళ్ళు ఇద్దరు, కెమెరా పట్టుకుని వచ్చారు. కథ మారిన సంగతీ, ఇంట్లో జరిగిన సంగతీ వాళ్ళకు తెలియదు. బొమ్మను చూసి ఎంతో సంతోషపడ్డారు. "అస్లి మనిషి లెక్కనే ఉన్నది అమ్మా! మస్తు గట్టినవు" అన్నాడు ఒకడు. ఇంకొకడు అగ్గిపెట్టె తీశాడు. వాన ఆగింది, వెలుతురు మంచిగ ఉంది, మిద్దె మీద కాల్చి తీస్తాం, అని బొమ్మను ఎత్తబోయాడు.

"పెట్టు బిడ్డా కింద" అన్నాను.

"గదేంది అమ్మా, సీను గిదే గద?"

"సీను గాదు. దీనికి నిప్పు పెట్టాల్సినాయన మా ఊరి నుంచి రావాలె."

వాళ్ళకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. కెమెరా సంచిలో పెట్టేశారు. చెప్పులు బయట విడిచి వచ్చి, ఇద్దరూ బొమ్మకు దండం పెట్టారు. మంచి పిల్లలు. నేను వాళ్ళకు అటుకులు పెట్టాను.

తమ్ముడూ, నేను ఈ ఉత్తరం రాయడం ఇందుకే. నువ్వు రావాలి. పెత్రమాసకు ముందే రావాలి. ఏటా ఆ అమావాస్యనాడు నువ్వు నాయన పేరునా తాతల పేరునా బియ్యం ఇస్తావు. మీ బావ పేరు అటు పోయినవాళ్ళలోనూ లేదు, ఇటు ఉన్నవాళ్ళలోనూ లేదు. ఈ ఏడు ఆయన పేరు కూడా చెప్పి ఇవ్వాలి. అయ్యగారు త్రయోదశి మంచిదన్నారు. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సు దిగి రిక్షా ఎక్కు. నేరుగా గదికి రా, ఎక్కడా ఆగవద్దు. కొత్త పంచె ఒకటి తెచ్చుకో. నువ్వులు, దర్భలు ఇక్కడే దొరుకుతాయి. జొన్నలు ఇప్పుడు వద్దు, తరువాత చూద్దాం. లక్ష్మిని తీసుకురావద్దు. ముత్తయిదువ, ఇవన్నీ చూడవలసిన పని లేదు. అమ్మను ఒంటరిగా వదలవద్దు, చిన్నమ్మను వచ్చి తోడు పడుకోమను.

బొమ్మను గుడ్డలో చుట్టి గోడ వారన పెట్టాను. వానకు తడవకుండా చాప అడ్డం పెట్టాను. పొద్దున స్నానం చేసి అటువైపు ఒకసారి చూసి దీపం పెడుతున్నాను. ఇల్లు చిన్నది కాబట్టి వంట చేసేటప్పుడు కూడా కనపడుతుంది. నాకు భయం లేదు. సుజాత కూడా ఇప్పుడు భయపడటం లేదు. ఆయనతోపాటు ముగ్గురం ఉన్నట్టే ఉంది.

ఖాజా మియా ఆ రోజు వస్తానన్నాడు. దూరంగా నిలబడతానన్నాడు. దగ్గరికే రమ్మన్నాను. ఒకసారి భుజం పట్టిన మనిషి. నువ్వు ఆయన్ను పలకరించు. తప్పు ఆయనది కాదని నీ నోటితో ఒకసారి చెప్పు. నేను చెబితే ఆయనకు ఓదార్పుగానే ఉంది, నమ్మకంగా లేదు.

సుజాత సంగతి ఒకటి నువ్వే తేల్చాలి. ఈ చదువు వదిలేసి ఊరికి వస్తానన్నది. వద్దన్నాను. ఇప్పుడు దాని ట్రెయిలరు ఆగిపోతే ఈ ఏడు పోతుంది. నా కథే తీయమన్నాను. మెట్లు ఎక్కే కాళ్ళు, రీలు చుట్టే చేతులు, ఖాజా మియా పై కిటికీలోంచి చూడటం, ఇవన్నీ తీసింది. చివరి బొమ్మ మాత్రం లేదు. కర్మ చేసే మూసీ ఒడ్డుకు కెమెరా తెచ్చుకోవచ్చా అని భయం భయంగా అడిగింది. నా మటుకు నేను తెచ్చుకోమన్నాను. ఆయన ఆ మిషను వల్లనే పోయాడు. చివరిసారి ఇంకో మిషను చూస్తే తప్పేమిటి అనిపించింది. కాని నిప్పు పెట్టేది నువ్వు. నీకు ఇష్టం లేకపోతే వద్దను. అది కెమెరా ఇంట్లో పెట్టి వస్తుంది, నొచ్చుకోదు. ఒక్క షరతు పెట్టాను. బొమ్మ ఎంతసేపు కాలితే అంతసేపు తీయాలి, మధ్యలో ఆపి ఇంకో బొమ్మ వేయకూడదు అన్నాను. ఫిలిం సరిపోదు అత్తమ్మా అన్నది. సరిపోయినంత తీయి, మిగతాది నిలబడి చూడు అన్నాను.

నా గురించి ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలు అనుకుంటారు. గాజులు పగలగొట్టడానికి, బొట్టు తుడవడానికి ఆడవాళ్ళను ఎవరినీ వెంటబెట్టుకుని రాకు. ఆ రోజు తెల్లవారుజామున నల్లా వచ్చినప్పుడు నేనే స్నానం చేసి, నేనే తీసుకుంటాను. నా పుస్తెలు ఆయన కట్టినవి. ఇంకొకరి చేతులు వాటి మీద పడటం నాకు ఇష్టం లేదు. త్రయోదశి దాకా అన్నీ ఉంచుకుంటాను. పొరపాటు కాదు కదా అని అయ్యగారిని అడిగాను. కర్మ జరిగేదాకా ఉండవచ్చమ్మా అన్నారు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగానే ఉన్నాను. తింటున్నాను. జపం తప్పడం లేదు. నువ్వు దారిలో దిగులు పెట్టుకుని పస్తు ఉండకు. పొద్దున ఏమైనా తిని బస్సు ఎక్కు.

చిన్నాయనకు, చిన్నమ్మకు నా నమస్కారాలు. ఆనాడు ఆయన మాట విననందుకు చిన్నాయన నా మీద మనసులో ఏమైనా పెట్టుకుని ఉంటే, ఇప్పుడు తీసేయమని చెప్పు. లక్ష్మికి, పిల్లలకు దీవెనలు. పెద్దవాడికి జ్వరం తిరగబెట్టకుండా చూసుకోండి.

అమ్మ పాదాలకు నా నమస్కారాలు. దీవించమను. చిన్నప్పటి నుంచీ నేను కాళ్ళకు మొక్కినప్పుడల్లా అమ్మ నన్ను ఒకే మాటతో దీవించింది. ఇక ఆ మాట అనడానికి లేదు. ఇప్పుడు ఏమని దీవించాలో తెలియక అమ్మ ఇబ్బంది పడుతుంది. మాట ఏమీ వద్దని చెప్పు. నా తల అక్కడ ఉన్నదనుకుని కాసేపు చెయ్యి పెట్టమను. చాలు.

ఇట్లు,
నీ అక్క
అనసూయ